కప్పు మీద బూట్ల చప్పుడు

అక్టోబర్ 17, గురువారం

ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు.

ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసేదాకా వంటగదిలో నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఏదో అయిపోతుందని భయం. లెయిదా పిన్ని నిన్న సాయంత్రమే కళ్ళు తెరిచిందట. వైకె పిన్ని ఇవాళ పొద్దున తెరిచింది, తెరిచీ తెరవగానే దుప్పటి పల్చగా ఉందని నర్సుతో గొడవ పెట్టుకుందట. అది విన్నాకే నాకు నమ్మకం కుదిరింది. చలి చలి అని గోల పెడుతోందంటే వైకె పిన్నికి ఏ ఢోకా లేదు.

హమ్మయ్య. నా నెత్తిన పాలు పోసింది ఆ నర్సు. పేరు కూడా అడగలేదు.

నిన్న పొద్దున పక్కింటాయన యాపిల్స్ ఇద్దామని వెళ్తే, కిటికీలోంచి వైకె పిన్ని వంటగది నేల మీద కనిపించిందట. తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్ళాడు. వాళ్ళక్క లెయిదా పిన్ని కుర్చీలోనే వాలిపోయి ఉందట. పొయ్యిలోంచి వచ్చిన విషవాయువు. అది వస్తే మోగాల్సిన గంట గోడకి ఉండాలి కదా, అది అల్మారాలో దుప్పట్ల మధ్య దొరికింది. వేసవిలో ఊరికే కూతలు పెడుతోందని వైకె పిన్ని దాన్ని పడుకోబెట్టింది.

వాళ్ళ చిమ్నీ శుభ్రం చేసింది నేనే, ఈ నెల ఎనిమిదిన. కాగితం మీద సంతకం నాదే. మసి తీశాను, పొయ్యి చూశాను, కాఫీ తాగాను, వచ్చాను. నా పని నేను చేశాను.

ఇంక దీని గురించి ఆలోచించేదేం లేదు.

అక్టోబర్ 18

రాడ్లు ఒకదానికొకటి తగిలించి కింది నుంచి తోసినా మసి రాలుతుంది. ఇప్పటి కుర్రాళ్ళందరూ అలాగే చేస్తున్నారు. మెషీన్లు కూడా వచ్చాయి.

అక్టోబర్ 19, శనివారం

ఇవాళ కొట్లో మిల్వి బొత్తాం పీకేసింది. నా కోటు బొత్తాం.

తప్పు తనది కాదు. పదిహేనేళ్ళుగా ఎప్పుడు వెళ్ళినా కౌంటర్ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి పట్టుకుంటుంది. చిమ్నీ మనిషి బొత్తాం ముట్టుకుంటే కలిసొస్తుందని ఈ ఊళ్ళో అందరికీ పిచ్చి. పెళ్ళికూతుళ్ళు పట్టుకుంటారు, పరీక్షకెళ్ళే పిల్లలు పట్టుకుంటారు, ఒకసారి పోలీసాయన కూడా పట్టుకున్నాడు. నేనెప్పుడూ ఏమీ అనలేదు. బాగానే ఉండేది కూడా.

ఇవాళ మిల్వి "ఆగాగు, లాటరీ టికెట్ కొన్నాను" అంటూ వచ్చేసరికి నేను వెనక్కి లాక్కున్నాను. బొత్తాం దాని చేతిలో ఉండిపోయింది.

"అయ్యయ్యో! ఊడొచ్చేసింది! మార్యె, ఇలా ఊడొస్తే ఇంకా ఎక్కువ కలిసొస్తుందా, తక్కువా?"

"పీక్కోడానికి నేనేం బొమ్మనా?" అని అరిచాను. కొట్లో అందరూ తిరిగి చూశారు. పాలు తీసుకోకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి పాత గోధుమరంగు జాకెట్ తీసి వేసుకున్నాను. మా ఆయన హైనొ చూసి, "నీ నల్ల కోటేదీ?" అన్నాడు.

"బొత్తాం ఊడింది."

"కుట్టుకుంటే సరిపోతుందిగా."

"బొత్తాం మిల్వి దగ్గరుంది."

"తెచ్చుకోవచ్చుగా."

మా ఆయన ఇరవై ఏళ్ళుగా బ్రెడ్డు బండి తోలుతున్నాడు. ఊళ్ళో ప్రతి కొట్టుకీ వెళ్తాడు, మిల్వి కొట్టుకీ వెళ్తాడు. నువ్వే తెచ్చిపెట్టొచ్చుగా అని నేనూ అనలేదు. పాలు లేని కాఫీ తాగి పడుకున్నాను.

అక్టోబర్ 21, సోమవారం

ఆఫీసుకి రమ్మన్నారు. అగ్నిప్రమాదాలు చూసే ఇన్‌స్పెక్టర్ రైవొ, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు. నా కాగితం బల్ల మీద పరిచి పెట్టుకున్నాడు.

"కూర్చోండి మార్యె గారూ. భయపడకండి, ఇది మామూలే. ఇక్కడ 'కప్పు మీద నుంచి గొట్టంలోకి ఇనప గుండు దించి చూశాను' అన్నచోట టిక్కు పెట్టారు. ఎక్కారు కదా?"

నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి ఏం వచ్చేదో నాకు తెలియదు, నిజంగా తెలియదు. ఈలోపే ఆయన పేజీ తిప్పేశాడు.

"ఊరికే అడిగాను. పెద్దావిడ చెప్పిందిలెండి. లెయిదా గారు. ఆస్పత్రిలో అడిగితే, ఆ రోజు కప్పు మీద మీ బూట్ల చప్పుడు విన్నానంది. అటూ ఇటూ నడిచారట. తర్వాత గుండు గొట్టానికి తగులుతూ దిగిన చప్పుడు కూడా విందట. చెవులు భలే ఉన్నాయి ఆవిడకి."

"ఊఁ" అన్నాను.

అంతే. ఊఁ.

బయటికొచ్చి చెరువు వైపు మెట్లన్నీ దిగాను. బండి దగ్గర మాంసం పెట్టిన బన్నులు రెండు కొనుక్కుని నిలబడే తిన్నాను. ఐదు రోజులుగా అన్నం సరిగా తినలేదని అప్పుడు తెలిసింది. ప్రాణం ఎంత తేలికపడిందో రాస్తే సిగ్గుగా ఉంటుంది, కానీ ఇది నేను తప్ప ఎవరూ చదవరు. తేలికపడింది. నవ్వొచ్చింది కూడా.

మూడో బన్ను కొనబోతుంటే నవ్వు పోయింది.

సరే, రాస్తాను. మార్చి 14న లెయిదా పిన్ని ఎదురింటి కప్పు మీద జారాను. రేకు మీద పల్చటి మంచు, పైన ఎండ. కిందికి, కిందికి పోతూనే ఉన్నాను. చూరు దగ్గర మంచు ఆపడానికి వేసే ఇనప కమ్మీకి ఎడమ బూటు తగిలి ఆగింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఎవరూ చూడలేదు. దిగాను, ఇంటికొచ్చాను, బంగాళదుంపలు తొక్కతీశాను.

అప్పట్నుంచి ఏ కప్పూ ఎక్కలేదు. కింద గొట్టం అడుగున మసి తీసే చిన్న తలుపు తెరిచి రాడ్లతో పైకి తోస్తున్నాను. టిక్కు మాత్రం పెడుతున్నాను.

అక్టోబర్ 22

ఎక్కనిదే చప్పుడెలా వింటుంది?

అక్టోబర్ 23, బుధవారం

రైవొ ఫోన్. రేపు అక్కచెల్లెళ్ళిద్దరినీ ఇంటికి పంపిస్తున్నారట. చిమ్నీ చూసేదాకా పొయ్యి ముట్టించకూడదని రాశారట. "శుక్రవారం పదింటికి రండి. మీరు పైన, నేను కింద. అరగంట పని."

మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది. పొద్దున వాచింది కూడా. ఎడమది.

కాదు, కుడిది.

అక్టోబర్ 25, శుక్రవారం

ఎక్కాను.

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

వెళ్ళేసరికి అక్కచెల్లెళ్ళు వంటగదిలో కోట్లు వేసుకుని కూర్చున్నారు. వైకె పిన్ని తలకి రెండు శాలువాలు. లెయిదా పిన్ని నావైపు ఒక్కసారి చూసి, మళ్ళీ కాఫీ గిన్నె వైపు తిరిగింది. రైవొ పొయ్యి పక్కన మసి తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. "కానివ్వండి మార్యె గారూ" అన్నాడు.

గోడకి వేసిన నిచ్చెన దాకా మామూలుగానే వెళ్ళాను. ఎనిమిది మెట్లు మామూలుగానే ఎక్కాను. తొమ్మిదో మెట్టు మీద, కప్పు అంచు కళ్ళకి సమానంగా వచ్చినచోట, కాళ్ళు నావి కాకుండా పోయాయి.

భయమేసింది. ఇంతకుముందు ఎక్కడా రాయలేదు ఈ మాట. మోకాలని రాశాను, మెషీన్లని రాశాను. భయమేసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ఊరి కప్పులన్నీ నా ఇంటి వాకిలిలా తిరిగినదాన్ని, తొమ్మిదో మెట్టు మీద ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను. దిగిపోదామనుకున్నాను. నిజంగా ఒక కాలు కిందికి దించాను.

అప్పుడొకటి తట్టింది. ఈ గొట్టంలో ఏదో అడ్డం ఉంటే, ఆ ఇద్దరూ నా మూలంగా చచ్చేవాళ్ళు. ఉందో లేదో దిగిపోతే ఎప్పటికీ తెలియదు. అది తెలియకుండా ఇంకో చలికాలం బతకడం నా వల్ల కాదు.

పొట్ట మీద పాకాను. ఇంత బరువైన ఆడమనిషిని, భుజాన తాడూ గుండూ వేసుకుని, రేకు మీద బల్లిలా. మధ్యలో నన్ను నేను బండబూతులు తిట్టుకున్నాను. కింద వీధిలో ఎవరో ఆగి చూశారనుకుంటాను. చూస్తే చూడనీ.

చిమ్నీని రెండు చేతులా వాటేసుకున్నాక లోపలికి చూశాను. నలుపు, లోతు, అడ్డం ఏమీ కనబడలేదు. కనబడనంత మాత్రాన లెక్క కాదు. బ్రష్షు కింద గుండు కట్టి దించడం మొదలుపెట్టాను. ఒక బార. రెండు బారలు. మూడు. వంపు దగ్గర ఒకసారి తడబడింది, నా గుండె కూడా. తర్వాత జారింది. నాలుగు, ఐదు. తాడు వదులైంది. కింద ఠంగుమంది.

గొట్టంలోంచి రైవొ గొంతు వచ్చింది. "వచ్చేసింది! శుభ్రంగా ఉంది!"

ఏడ్చాను. చిమ్నీ ఇటుకల మీద తల పెట్టుకుని, ముక్కు కారుతుంటే చేతి తొడుగుతో తుడుచుకుంటూ ఏడ్చాను. మొహమంతా మసి. నా మూలంగా కాదు. నా మూలంగా కాదు. నా మూలంగా కాదు.

దిగాక వంటగదిలో రైవొ చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "గొట్టంలో దోషం లేదు. అంటే, పలక. నిప్పులు ఇంకా రగులుతుండగానే గొట్టానికి అడ్డంగా పలక తోసేశారు, విషవాయువు గదిలోకి తిరిగింది. ఎవరు మూశారు?"

"నేనే" అంది వైకె పిన్ని. "నాకు చలేసింది."

"నోర్ముయ్యవే! నీ చెయ్యి పలక దాకా అందను కూడా అందదు" అని లెయిదా పిన్ని కసిరింది.

"స్టూలెక్కాను."

"స్టూలెక్కితే కళ్ళు తిరిగే దానివి నువ్వు. అబద్ధమాడినా కాస్త అతికేట్టు ఆడు." లెయిదా పిన్ని రైవొ వైపు తిరిగింది. "నేను మూశాను బాబూ. ఇంకా నీలం మంట ఆడుతోంది, చూశాను. చూసే మూశాను. ఇది చలి చలి అని నా ప్రాణం తోడేస్తోంది, వేడంతా ఆకాశంలోకి పోతోంది. నల్లబడేదాకా ఆగితే ఇంకేం మిగులుతుంది? మా అమ్మ అలాగే మూసేది. నేనూ అరవై ఏళ్ళుగా అలాగే మూస్తున్నాను."

రైవొ పెన్ను తీశాడు. ఆయన వాళ్ళమ్మ కూడా అలాగే మూస్తుందేమో. ఈ ఊళ్ళో మూయనివాళ్ళెవరు? రాసుకుని వెళ్ళిపోయాడు.

వైకె పిన్ని పడుకోవడానికి లోపలికెళ్ళింది. లెయిదా పిన్ని కాఫీ పోసింది, నల్ల బ్రెడ్డు మీద చేప పెట్టి ముందుకి తోసింది. నేను కొరికేదాకా ఆగింది.

"ఇవాళ విన్నాను నీ బూట్లు" అంది. "ఎనిమిదో తారీఖున వినలేదు."

బ్రెడ్డు కింద పెట్టేశాను.

"నువ్వొచ్చిన ప్రతిసారీ ఈ కుర్చీలోనే కూర్చుంటాను. నువ్వు పైన నడుస్తుంటే అల్మారాలో కాఫీ కప్పులు మోగుతాయి. ఆ రోజు మోగలేదు."

"మరి ఆయనకి ఎందుకలా చెప్పారు పిన్నీ?"

"పలక మూసింది నేను. చేసింది నేనైతే నీ మీదకెందుకు తోస్తాను? వాళ్ళు ముందు నీ పని ఊడగొట్టి, ఆ తర్వాత తీరిగ్గా నిజం వెతుక్కుంటారు."

"గొట్టంలో ఏదైనా ఉండి ఉంటే?"

"ఉండుంటే ఇద్దరం చేసినట్టు." చెంచా కింద పెట్టింది. "ఎదురింటి మీద నువ్వు జారడం చూశాను మార్యె. ఇదే కిటికీలోంచి. కేకేద్దామన్నా గొంతు రాలేదు. అందుకే ఎనిమిదో తారీఖున నువ్వు ఎక్కకపోతే అడగలేదు. సిగ్గుపడతావని. కేకు పెట్టి పంపించాను. అడగాల్సింది. మొహమాటపడ్డాను."

సారీ అన్నాను. చాలాసార్లు అన్నాను.

"చాల్లే. అబద్ధం ఒక్కసారే ఆడతాను, రెండోసారి ఆడను. ఇంకెన్ని ఇళ్ళున్నాయి?"

తల వంచుకున్నాను.

"నాకు చెప్పక్కర్లేదు. నువ్వు లెక్కపెట్టుకో."

అక్టోబర్ 26, శనివారం

పద్నాలుగు.

హైనొకి చెప్పాను. జారడం దగ్గర్నుంచి టిక్కుల దాకా మొత్తం. మధ్యలో అడ్డు రాలేదు. విన్నాక లేచి బ్రెడ్డు కోసి, వెన్న రాసి నా ముందు పెట్టాడు.

"సోమవారం నుంచి నిచ్చెన నేను పట్టుకుంటాను" అన్నాడు.

"నీ బండి?"

"పదికల్లా అయిపోతుందిగా."

కత్తి కడిగి పెట్టి, "మార్చి నుంచా?" అన్నాడు. ఆ అడగడంలో కోపం లేదు. అదే కష్టంగా ఉంది.

అక్టోబర్ 28

రెండు ఇళ్ళు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. రెండో కప్పు మీద సగం దూరం నిలబడే నడిచాను.

అక్టోబర్ 30

ఆరు అయ్యాయి. అన్నీ శుభ్రమే.

గుమ్మంలో ఒకటే మాట చెబుతున్నాను. "మొన్న నేను పైకెక్కలేదు. కాగితం తప్పు. ఇవాళ ఎక్కుతాను." మొదటి ఇంట్లో ఈ మాట చెప్పడం ఆ కప్పు ఎక్కడం కన్నా కష్టమైంది. ఒకాయన పడీ పడీ నవ్వాడు. ఒకావిడ నా మొహం మీదే తలుపేసి, మళ్ళీ తీసి, "బూట్లు తుడుచుకునైనా రా" అంది. ఇంకో ఇంట్లో అసలు విననే లేదు, కాఫీ తాగుతారా అన్నారు.

హైనొ కింద నిచ్చెన పట్టుకుని వచ్చేపోయే వాళ్ళందరికీ బ్రెడ్డు కబుర్లు చెబుతుంటాడు. పైన నాకు అదంతా వినిపిస్తుంటుంది. వినిపిస్తే బావుంటుంది.

నవంబర్ 1, శుక్రవారం

తొమ్మిదో ఇల్లు. కొండ దిగువన పసుపు రంగు చెక్క ఇల్లు, వేసవిలో కొత్తగా దిగిన జంట. తావెత్, ఎవెలి. చంకలో చంటిది, ఐదు నెలలు ఉంటాయేమో. సెప్టెంబరులో నేనే కాగితం ఇచ్చాను.

నా మాట విని తావెత్ ఎర్రబడ్డాడు. "అదేంటండీ! మీ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నాం! మా అమ్మకి ఫొటో తీసి పంపించాను!"

"తప్పు చేశాను" అన్నాను. "ఎక్కి చూసి చెబుతాను."

"చూడండి. చూసి, ఈసారైనా నిజం రాయండి."

వాళ్ళ చిమ్నీలో రెండు గొట్టాలు. ఒకటి వంటింటి పొయ్యిది. రోజూ వాడేది, శుభ్రంగా ఉంది. రెండోది వెనక గది పొయ్యిది, గట్టి చలి వస్తే తప్ప ముట్టించనిది. గుండు రెండు బారలు దిగి మెత్తగా ఆగింది. ఇటుకకి తగిలితే అలా ఉండదు. పైకి లాగి మళ్ళీ దించాను. మళ్ళీ మెత్తగా ఆగింది.

సెప్టెంబరులో కింది నుంచి తోసినప్పుడు ఈ గొట్టంలో రాడ్డు ఆగింది. ఆగిందని గుర్తుంది. వంపు అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

కాకుల గూడు. నెత్తి బూడిదరంగులో ఉండే ఆ చిన్న కాకులు పుల్లలు లోపలికి వేసుకుంటూ పోతాయి, ఎక్కడో ఒకచోట ఇరుక్కునేదాకా. మూడు గోతాల పుల్లలు తీశాను. గొర్రె ఉన్ని, ఏదో పుట్టినరోజు రిబ్బను, పిల్లల ఎర్ర చేతి తొడుగు ఒకటి. గంటన్నర పట్టింది. నాకు భయం గుర్తే రాలేదు. పని అయ్యాక చూసుకుంటే కప్పు కొసన తిన్నగా నిలబడి ఉన్నాను.

గోతాలు కిందికి తెచ్చి పెరట్లో పెట్టాను. తావెత్ ఒక గోతం విప్పి చూశాడు. ఎవెలి గుమ్మంలోంచే చూసింది. చంటిదాన్ని ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఆ గదిలో..." అంది. "ఆదివారం నుంచి ఆ గదిలో ముట్టిద్దామనుకున్నాం. దీని ఉయ్యాల అందులోకి మారుస్తున్నాం."

గోతం మీద కూలబడ్డాను. హైనొ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఆదివారం. ఇవాళ శుక్రవారం.

తావెత్ ఇంట్లోకెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం తీసుకొచ్చాడు. నా చేతిలో పెట్టాడు. అరుస్తాడనుకున్నాను, అరవాల్సిందే కూడా.

"కొత్తది రాయండి" అన్నాడు.

రాశాను. టిక్కు పెట్టాను. వెళ్తుంటే ఎవెలి కోటు బొత్తాం కోసం చూసింది. నేను వేసుకున్నది గోధుమరంగు జాకెట్. జిప్పు పట్టుకుంది.

నవంబర్ 2, శనివారం

పోయినవాళ్ళ రోజు. వీధి వీధంతా కిటికీల్లో కొవ్వొత్తులు.

మా కిటికీలో రెండు పెట్టాను. అమ్మకొకటి, నాన్నకొకటి. అంతే. ఇంకెవరికీ పెట్టాల్సిన పని రాలేదు. చాలాసేపు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

నవంబర్ 6

పద్నాలుగు.

నవంబర్ 7, గురువారం

రైవొ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. పద్నాలుగు కొత్త కాగితాలు, పద్నాలుగు పాతవి, అన్నీ బల్ల మీద పెట్టాను. గూడు సంగతి దాచలేదు.

ఆయన ఒక్కొక్కటీ తిరగేశాడు. "ఇది రాయాలి మార్యె గారూ. పైకి పంపించాలి. మీకు మళ్ళీ పరీక్ష పెట్టొచ్చు."

"రాయండి."

"పెడితే?"

"రాస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట రాసినప్పుడు కూడా చలికాలమే."

నవ్వలేదు గానీ పెదవి కదిలింది. తర్వాత లెయిదా పిన్ని చెప్పిన మాటలున్న కాగితం తీశాడు. బూట్ల చప్పుడు కాగితం. దాన్ని కాసేపు చూసి అడుగున పెట్టేశాడు.

"పెద్దావిడ. పడి లేచిన మనిషి. ఏ కాకి నడిచిందో ఏం విందో" అన్నాడు.

తిరిగొస్తూ మిల్వి కొట్టుకెళ్ళాను. నా బొత్తాం క్యాష్ పెట్టె పక్కన చిన్న పింగాణీ గిన్నెలో పెట్టుకుంది.

"మార్యె, కోపం పోయిందా? దీన్ని దేవుడి పటంలా చూసుకుంటున్నాను. లాటరీ మాత్రం రాలేదు."

"ఇలా తే."

అక్కడే నిలబడి సూదీ దారం అడిగి కుట్టుకున్నాను. కుట్టాక కోటు ముందుకి చాపి, "ఊఁ, పట్టుకో" అన్నాను. రెండు చేతులా పట్టుకుంది పిచ్చిది.

నవంబర్ 9, శనివారం

పొద్దున్నే వైకె పిన్ని ఫోన్. గుసగుసగా మాట్లాడుతోంది. "మార్యె, వచ్చి నన్ను బతికించు. చలికి చచ్చిపోతున్నాను. అక్క పొయ్యి ముట్టించనివ్వట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"వచ్చినప్పట్నుంచీ! రెండు వారాలైంది. ఈ కరెంటు డబ్బా ముందు కూర్చుంటే ఒక మోకాలు కాలుతుంది, ఒక మోకాలు గడ్డకడుతుంది. చిమ్నీ బాగుందని నువ్వు చెప్పావుగా, వచ్చి దీనికి చెప్పు."

వెళ్ళాను. లెయిదా పిన్ని కోటు వేసుకుని అదే కుర్చీలో ఉంది. నన్ను చూసి చెల్లెలి వైపు ఉరిమి చూసింది.

"చిమ్నీ బాగుందని నాకు తెలుసు" అంది. "అది కాదు."

"మరేంటి పిన్నీ?"

చెయ్యి చాపి చూపించింది. పొయ్యి పైన పలక పిడి. "దాని మీద చెయ్యి వేస్తే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. ముట్టిస్తే మళ్ళీ మూయాలి కదా. మూసింది నేనే కదా."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తొమ్మిదో మెట్టు ఈవిడకి ఇంట్లోనే ఉంది.

కట్టెలు పేర్చి ముట్టించాను. అల్మారాలోంచి గంట తీసి బ్యాటరీ మార్చి గోడకి బిగించాను. వైకె పిన్ని మొహం చిట్లించింది, అయినా నోరెత్తలేదు. ముగ్గురం పొయ్యి ముందు కూర్చున్నాం. కట్టెలు నిప్పులయ్యాయి. నిప్పుల మీద నీలం మంటలు ఆడుతున్నాయి.

"ఇప్పుడా?" అంది వైకె పిన్ని.

"ఇంకా నీలం ఉంది."

కాఫీ అయింది. యాపిల్ కేకు అయింది. వైకె పిన్ని ఒక శాలువా తీసేసింది.

"ఇప్పుడా?"

"కదపండి. ఆ మూల చూడండి, అదిగో నీలం."

గంటా పావు పట్టింది. నిప్పులు పూర్తిగా నల్లబడ్డాక లేచాను. "పిన్నీ, రండి."

లేచి వచ్చింది. చెయ్యి ఎత్తింది, దించింది.

"నువ్వెలా ఎక్కావు ఆ రోజు?"

"పొట్ట మీద పాకుతూ ఎక్కాను. బూతులు తిట్టుకుంటూ."

"ఏం తిట్టుకున్నావు?"

చెవిలో చెప్పాను. పెద్దగా నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత అదే మాట పలక వైపు చూసి తను కూడా అంది. వైకె పిన్ని "అక్కా!" అని నోరు మూసుకుంది. పలక కిర్రుమంటూ లోపలికి వెళ్ళింది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "రేపు నువ్వు రావక్కర్లేదు. మూశాక ఫోన్ చేస్తాను. నువ్వు ఏ కప్పు మీదున్నా ఎత్తు."

నవంబర్ 10, ఆదివారం

11:10. ఫోన్.

"మూశాను. నీలం లేదు. నేను రెండుసార్లు చూశాను, వైకె మూడోసారి చూసింది."

వెనక నుంచి వైకె పిన్ని, "ఇంకా చలిగానే ఉందని చెప్పు!"

"ఇద్దరం ఉన్నాం" అని పెట్టేసింది.

నవంబర్ 11

11:25. ఉన్నారు.

నవంబర్ 12, మంగళవారం

పదకొండున్నర అయింది, ఫోన్ రాలేదు. చర్చి వెనక వీధిలో కప్పు మీద ఉన్నాను. అక్కణ్ణుంచి వాళ్ళ చిమ్నీ కనిపిస్తుంది. పొగ లేదు. పొగ లేదంటే నిప్పులు నల్లబడి ఉండాలి, లేదా పలక ముందే మూసి ఉండాలి. పావు తక్కువ పన్నెండుకి చిమ్నీకి ఆనుకుని కూర్చుని నేనే చేశాను. ఆరుసార్లు మోగింది. లెక్కపెట్టాను.

"ఆఁ, ఎవరూ?" అంది లెయిదా పిన్ని.

"ఫోన్ చేయలేదేం?"

"పక్కింటాయన వస్తే మాటల్లో పడ్డాం. ఇప్పుడే మూశాను. నీలం లేదు." కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "భయమేసిందా?"

"వేసింది."

"ఎక్కడున్నావు?"

"కప్పు మీద."

"సరే, జాగ్రత్తగా దిగు" అంది.

ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు.